గళ్ళ తెర

బొంగురు గొంతు గురించి జనం చెప్పుకునేవాటిలో సగం నమ్మితే చాలు. మిగతా సగం ఆవిడే, జనమంతా బొంగురు అని పిలిచే ఆ గాయనే, పుట్టించింది. ఆవిడ మొదటిసారి మైకు ముందు నోరు తెరిచినప్పుడు హాలు గోడల సున్నం రాలి, ముందు వరసలో కూర్చున్న కుర్రాళ్ళ తలలన్నీ ఒక్కసారే నెరిసిపోయాయట. ఇంకోసారి పక్కవీధిలో ఏళ్ళ తరబడి తుప్పు పట్టి పడున్న లారీ ఈ గొంతు విని దానంతటదే స్టార్టయిందట. లారీ కథ బొంగురు చెప్పిన ప్రతిసారీ ఆ లారీ ఇంకాస్త దూరం వెళ్ళేది. మొన్న చెప్పినప్పుడు నది కూడా దాటేసింది.

ఆవిడ పాడేదాన్ని పోస్ట్-పంక్ అంటారు. పంక్ అనే గోల ఒకటి ముందొచ్చి, అరిచి అరిచి గొంతు పోయి ఓ మూల కూలబడ్డాక, మిగిలిపోయిన చిరాకుతో చేసుకున్న సంగీతం అది. బేస్ గిటార్ ముందు నడుస్తుంది, పంటినొప్పిలాగా. డ్రమ్ము దాని వెనకాల కాళ్ళీడ్చుకుంటూ వస్తుంది. ఆ రెండిటి మీదా బొంగురు సగం పాడుతూ, సగం తనలో తను గొణుక్కుంటూ, సంచులు మోసుకుని మేడమెట్లెక్కే మనిషిలా పోతుంటుంది. రాసేదీ ఆవిడే, బాణీ కట్టేదీ ఆవిడే. విన్నవాళ్ళలో కొందరు చెవులు కోసుకునేవాళ్ళు, కొందరు మూసుకునేవాళ్ళు.

అన్నిటికన్నా పేరొచ్చింది మాత్రం ఆవిడ వీపుకి. బేస్ మొదలైందంటే చాలు, బొంగురు జనానికి వీపు తిప్పేసేది. పాట అయ్యేదాకా మళ్ళీ ఇటు తిరిగేది కాదు. మొదట్లో జనం కాగితాలు ఉండలు చుట్టి విసిరారు. తర్వాత్తర్వాత పత్రికలవాళ్ళు రాశారు, ఇది మామూలు వీపు కాదు, ధిక్కారమని. ఒకాయన దాన్ని మూసిన తలుపుతో పోల్చాడు. ఇంకొకాయన ఆ వీపు మీద ఏకంగా పుస్తకమే రాశాడు. బొంగురు దాన్ని చదవలేదు గానీ ఒక కాలు పొట్టిదైన టేబుల్ కింద పెట్టుకుని చాలాకాలం వాడుకుంది.

ఆ వీపు అవతల ఏముందో మాత్రం ఎవరూ రాయలేదు. అక్కడ ఒక గుడ్డ ఉండేది. దాన్ని వేసింది వదిన.

వదిన అంటే బొంగురు అన్నగారి భార్య. ఆ అన్నే బ్యాండులో డ్రమ్మరు. మొదట బొంగురు ఒక్కతే వదిన అనేది, తర్వాత బేస్ వాయించేవాడు మొదలెట్టాడు, ఆ తర్వాత లైట్లవాళ్ళు, వ్యాను డ్రైవరు, ఆవిడకన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా అందరూ గంపగుత్తగా వదిన చేసేశారు. సొంత పేరు ఏదో ఉండేది గానీ పోస్టర్ల అడుగున చీమలంత అక్షరాల్లో వేసేవాళ్ళు. అంటించేటప్పుడు ఆ అంచు సరిగ్గా మడతలోకి పోయేది.

పెళ్ళికి ముందు వదిన బడిపిల్లల చార్టులు అచ్చేసే చోట బొమ్మలు వేసేది. గోడకి వేలాడదీస్తారే, గళ్ళు గళ్ళుగా, ఒక్కో గడిలో ఒక్కో వస్తువు, అవి. ఆ అలవాటు చేతిలోంచి పోలేదు. కొత్త పాట రాయగానే బొంగురు వదిన పని గదికి వచ్చి, స్టూలు మీద కూర్చుని, టీ చల్లార్చుకుంటూ కూనిరాగం తీసేది. వదిన వింటూ వింటూ నేల మీద పరిచిన కాన్వాసు గుడ్డ మీద మాటకో గడి గీసి, గడికో బొమ్మ వేసేది. పాట అయ్యేసరికి గళ్ళు అయ్యేవి. ఆ గుడ్డ స్టేజీ వెనక కట్టేవాళ్ళు.

కట్టాక వదిన పక్కన, తాళ్ళ దగ్గర నిలబడేది. నిలబడి జనం మొహాలు చూసేది. ఎవరైనా తన గళ్ళు చూస్తున్నారేమోనని. మంచి వేదికలన్నిట్లోనూ పొగమిషను ఒకటి ఉంటుంది, అది పాట మధ్యలో తన గుడ్డ జనానికి కనపడకుండా పొగ వదిలేది. పొగ పోయాక ఎర్రలైటు వేసేవాళ్ళు, ఎర్రలైటులో దూరానికి ఎర్రబొమ్మలన్నీ మాయం. జనం గుడ్లప్పగించి వీపునే చూసేవాళ్ళు. అలా చూసి చూసి వదిన కళ్ళు కాయలు కాశాయి.

ఒక్క గుడ్డలే వేసిందని అనుకోకండి. చెయ్యని పని లేదు. పాత ఆసుపత్రి పరుపుల్లోంచి స్ప్రింగులు పీకి, కూర్చుంటే నిట్టూర్చే మంచం చేసింది. మైనంతో చేతిసంచులు పోసింది. కారే కుళాయిని ఒక పూటంతా సినిమా తీసింది. ఒక ప్రదర్శనలో ఆవిడ ఇనుముతో చేసిన శిల్పానికి వచ్చినవాళ్ళందరూ కోట్లు తగిలించి లోపలికి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు ఒక పెద్దమనిషి చాలా బావుందన్నాడు. వదిన మొహం వెలిగింది. కొక్కేలు గట్టిగా ఉన్నాయన్నాడాయన.

అటువంటి వదినకి ఈ వయసులో, మోకాళ్ళు టకటకమంటున్న కాలంలో, పెద్ద మ్యూజియంవాళ్ళు కబురు చేశారు. ఇన్నేళ్ళ పనంతా ఒకచోట పెడతామన్నారు. ప్రదర్శన ఏర్పాట్లు చూసే క్యూరేటరు మెత్తటి మనిషి. తలుపు తీసినా చప్పుడు కాదు, మాట్లాడినా చప్పుడు కాదు. ఆయన బోర్డు మీద "బహుళ మాధ్యమాల కళాకారిణి" అని రాయించాడు. బొంగురు అది చూసి, ఒక్క పనీ కుదురుగా చెయ్యలేనివాళ్ళని ఇలా గౌరవిస్తారు కాబోలు వదినా, అంది. వదినకి నవ్వొచ్చింది గానీ నవ్వడానికి ఓపిక లేకపోయింది.

ఓపిక లేకపోవడమే అసలు సంగతి. పొద్దున లేస్తూనే కుంచెలు చూస్తే అంట్లగిన్నెలు చూసినట్టుండేది. చెయ్యడం చాతకాక కాదు. చేసి ఎవరికి చూపించాలి? ఈ ప్రదర్శనలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, తను వేసినదాని ముందు నిలబడి ఈ మూల నుంచి ఆ మూలకి తీరిగ్గా చూస్తే చాలు. చూడకపోతే ఇదే ఆఖరు, పని గది ఖాళీ చేసేద్దామని ఆవిడ నిశ్చయించుకుంది. ఆ మాట మొగుడికి ఒక్కడికే చెప్పింది. ఆయన చాలాసేపు ఆలోచించి, ముందు టీ తాగు, అన్నాడు. నేను చూశాను కదా ఇన్నేళ్ళూ, అని కూడా అన్నాడు. డ్రమ్ములు వాయించేటప్పుడు కళ్ళు మూసుకునే మనిషి ఆయన. కళ్ళు తెరిచి వాయిస్తే లెక్క తప్పుతాడు.

పని గది టైర్లకి పంక్చర్లు వేసే షాపు మీద. ఎండెక్కితే కింద నుంచి రబ్బరు వాసన, లోపల టర్పెంటైన్ వాసన కలిసి తలనొప్పిగా మారేవి. ఒక మధ్యాహ్నం, మొగుడు స్ప్రింగుల మంచం మీద నిట్టూరుస్తూ నిద్రపోతుండగా, వదిన పాత గుడ్డల మూట విప్పింది. ఒకటి ఎలకలు కొట్టేశాయి, ఒకటి బూజు పట్టింది. సరిగ్గా మిగిలింది ఒక్కటే, "మెట్ల కింది గది" పాటది. బొంగురు పాటలన్నిట్లోకీ పేరు మోసిన పాట. అందులో లిఫ్టు అనే మాట దగ్గర ఆవిడ ఊపిరి బిగబట్టి ఒక్క క్షణం ఆగిపోతుంది. ఆ ఆగడం గురించి కూడా రాశారు లెండి, అందులో ఒక తరం ఒంటరితనమంతా ఉందని.

వదిన ఆ గుడ్డని పరిచి చుట్టూ తిరిగింది. పొగ కంపు కొడుతోంది. గళ్ళేమో చిందరవందరగా అనిపించాయి: ఇక్కడో నీలం, అక్కడో నీలం, మధ్యలో తుప్పురంగు. అప్పట్లో పాట వింటూ వేసిన తొందరపనాయె. మ్యూజియం గోడకెక్కే ముందు కాస్త తీరుగా ఉండాలి కదా. పెద్ద కత్తెర తీసి గళ్ళని విడివిడిగా కోసేసింది. నీలాలన్నీ ఒక పక్కకి, ఆకుపచ్చలు తర్వాత, తుప్పురంగులు చివరికి, చూపు జారుతూ పోయేట్టు అమర్చి సూది అందుకుంది. కుర్చీ గడి ఒకటి ఏ రంగుతోనూ పొసగలేదు. దాన్ని ఇస్త్రీబల్ల మీద పడేసింది.

సగం కుట్టేసరికి మెట్ల మీద దగ్గు వినిపించింది. ఆ దగ్గు ఎవరిదో వీధివీధికీ తెలుసు. వదిన గబుక్కున ఒక దుప్పటి లాగి కుట్టిన దాని మీద కప్పి, కత్తెరని కాలితో టేబుల్ కిందికి తోసింది. బొంగురు వచ్చి స్టూలు మీద కూలబడింది. గొంతు డాక్టరు ఇక చాలన్నాడట. చివరిసారిగా ఒక్క పాట, వదిన ప్రదర్శన మొదలయ్యే రోజున పాడతానంది. బేస్ వాయించేవాణ్ణి కూడా అడిగిందట. వాడిప్పుడు పళ్ళ డాక్టరు. పంటినొప్పి పుట్టించడం వచ్చినవాడు పోగొట్టడం నేర్చుకున్నాడు, అంతే తేడా.

"ఒక్కటే అడుగుతాను వదినా. వెనకాల ఆ పాత తెర కట్టించు. అది లేకపోతే నేను పాడను."

వదిన మనసు చివుక్కుమంది. తను వేసింది ఇంకా ఈవిడ వీపుకి అలంకారమేనన్నమాట. కడతాలే, అంది పొడిగా. దుప్పటి కింద సంగతి చెప్పలేదు. గోడ మీద చూసి తనే తెలుసుకుంటుందిలే, ఇన్నాళ్ళకైనా అది ఒక బొమ్మ అని, అనుకుంది. బొంగురు లేచి, తాళంచెవుల కోసం తడుముకుని, అవి తను తాగిన కప్పులో ఉన్నాయని వదిన చూపిస్తే తీసుకుని వెళ్ళిపోయింది.

అదొక మతిమరుపు. చిన్నప్పట్నించీ అంతే. ఫ్రిజ్ తలుపు తీసి ఎందుకు తీశానని అక్కడే నిలబడేది. కెటిల్ పొయ్యి మీద పెట్టి రైలెక్కేసేది. పెళ్ళి కూడా ఒకటి చేసుకుని ఎక్కడో పెట్టి మర్చిపోయిందని వాళ్ళన్న వేళాకోళం. అంత మతిమరుపు మనిషి స్టేజీ ఎక్కితే ఒక్క మాట పొల్లు పోయేది కాదు. ఆ వింతకి జనం ఎన్నో కారణాలు చెప్పుకునేవాళ్ళు. ఆవిడ పాటలు ఎముకల మీద రాసుకుందని ఒకరు, కాదు, పాడేది ఆవిడ కాదు, లోపల ఇంకొకరున్నారని ఇంకొకరు. ఒకసారి గుడ్డల పెట్టె వేరే బస్సులో వెళ్ళిపోతే ఆ రోజు గొంతు నొప్పని పాడనే లేదు. రేడియోవాళ్ళు ఎన్నిసార్లు పిలిచినా వెళ్ళలేదు. రికార్డులన్నీ వదిన పని గదిలోనే, గోడకి తడి గుడ్డ ఆరుతుండగా పాడింది. ఆ గదిలో ప్రతిధ్వని బావుంటుందని పుకారు. ఆ గదిలో ఉన్నది ప్రతిధ్వని కాదు, రబ్బరు కంపు. ఇవన్నీ వదినకి తెలిసినవే. విడివిడిగా తెలుసు.

ప్రదర్శన మొదలైన సాయంత్రం మ్యూజియం కిటకిటలాడింది. వదిన కొత్త చెప్పులు వేసుకుని, పాత కోటు తొడుక్కుని, గది గదికీ తిరిగింది. కాళ్ళు పీకుతున్నాయి. స్ప్రింగుల మంచం మీద జనం వంతులవారీగా కూర్చుని ఫోటోలు దిగుతున్నారు. మైనం సంచుల దగ్గర ఇద్దరు తమ ఆఫీసులో ఎవరినో తిట్టుకుంటున్నారు. కుళాయి సినిమా ముందు ఒకావిడ చాలాసేపు నిలబడితే వదిన ఆశగా పక్కకి వెళ్ళింది. ఆవిడ బాత్రూము ఎటని అడిగింది.

చివరి హాల్లో గోడ పొడుగునా కొత్తగా కుట్టిన తెర. నీలాల్లోంచి ఆకుపచ్చల్లోకి, ఆకుపచ్చల్లోంచి తుప్పులోకి, నిజంగా తీరుగానే ఉంది. దాని కింద మైకు. పక్కన ఒకే ఒక డ్రమ్ము పెట్టుకుని మొగుడు అప్పటికే కళ్ళు మూసుకున్నాడు. వాయించడానికో, కునుకుకో తెలియదు. పళ్ళ డాక్టరు క్లినిక్ నుంచి తిన్నగా వచ్చాడు, దగ్గరికెళ్తే లవంగనూనె వాసన. బొంగురు ఆఖరి నిమిషంలో వచ్చింది, దారి మర్చిపోయి.

వదిన అలవాటు చొప్పున పక్కగా, గోడకి ఆనించిన పొడుగాటి కొక్కెంకర్ర దగ్గర నిలబడింది. ఆ కర్రతోనే తెరని పైకెత్తి తగిలించారు. నిలబడి జనం మొహాల వైపు తిరిగింది. బేస్ మొదలైంది. బొంగురు వీపు తిప్పింది. జనం వీపు చూశారు. ఎప్పటిలాగే, అనుకుంది వదిన. సరే, అయిపోయింది, రేపు పని గది ఖాళీ చెయ్యొచ్చు. ఆ అనుకోవడంలో బాధ కూడా పెద్దగా లేదు. బరువు దింపుకోబోయే ముందు భుజానికుండే తిమ్మిరిలాంటిదేదో ఉంది.

బేస్ ఒక చుట్టు తిరిగింది. గొంతు రాలేదు. ఇంకో చుట్టు తిరిగింది. రాలేదు. ముందు వరసలోవాళ్ళు అర్థమైనట్టు తలలూపారు. ఆ తర్వాత బొంగురు మెల్లగా అందుకుంది:

గొడుగు లోపల వాన, బయట ఎండ...

అని ఆగిపోయింది. ఆ పాట కెటిల్‌తో మొదలవ్వాలి. ఎవరూ లేవని ఇంట్లో ఈలేసే కెటిల్. గొడుగు ఎక్కడో మూడో చరణంలో వస్తుంది. డ్రమ్మరు కళ్ళు తెరిచాడు. పాట మధ్యలో ఆయన కళ్ళు తెరవడం వదిన ఎన్నడూ చూడలేదు. ఆయన చూస్తున్న వైపు ఆవిడా తిరిగింది.

ఇన్నేళ్ళలో మొదటిసారి, పాట పాడేటప్పుడు బొంగురు మొహం చూసింది వదిన. అందులో ధిక్కారమూ లేదు, మూసిన తలుపూ లేదు. బడిలో చార్టు ముందు నిలబెడితే తెలిసిన బొమ్మ కనిపించక బిక్కమొహం వేసిన పిల్ల మొహం అది. కళ్ళు తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకి, గడి నుంచి గడికి, వెనక్కి, మళ్ళీ ముందుకి పరుగెడుతున్నాయి. నడుం వెనక ఎడమచెయ్యి గుప్పిట మూసుకుంటూ తెరుచుకుంటోంది. వాళ్ళన్నకీ తనకీ పెళ్ళైన రోజు పాడమన్నప్పుడు బొంగురు పాట మర్చిపోయి ఇలాగే చేసింది. అది ఇంట్లోవాళ్ళకి తప్ప తెలియదు.

విడివిడిగా తెలిసినవన్నీ అప్పుడు వదిన లోపల ఒకదాని పక్కన ఒకటి వచ్చి చేరాయి. తప్పిపోయిన బస్సూ, రేడియో, గోడ మీద ఆరే గుడ్డా. ఇన్నాళ్ళూ తను జనం మొహాల్లో వెతుకుతూ నిలబడింది. చూసే మనిషి తన పక్కనే నిలబడి చూస్తూ ఉంది, తనేమో ఆ పక్కకి తిరగనే లేదు. తీరా అంత ప్రాణంగా చూసినదాన్ని తను రంగు కుదరలేదని కత్తెరతో కోసింది.

వదిన కొక్కెంకర్ర అందుకుంది. జనానికి వీపు తిప్పి తెర దగ్గరికి నడిచింది. కర్ర చివర ఎత్తి, నీలాల మధ్య ఇరుక్కున్న కెటిల్ మీద ఆనించింది.

బొంగురు గుప్పిట విచ్చుకుంది. కెటిల్ ఈల వేసింది, ఎవరూ లేవలేదు.

వదిన కర్రని అటు చివరికి జరిపింది. తాళంచెవి. తలుపు నన్ను మర్చిపోయింది. మళ్ళీ ఇటు. లిఫ్టు ఖాళీగా పైకెళ్ళింది... అక్కడ బొంగురు ఆ పేరుపడ్డ ఆగడం ఆగింది... ఖాళీగానే దిగింది. పాట ఏ వరసలో పోతుందో వదినకి వెతుక్కోవలసిన పని పడలేదు. తాళ్ళ పక్కన నిలబడి ఎన్ని ఊళ్ళలో విన్నదో అన్ని ఊళ్ళూ చేతిలో ఉన్నాయి. కర్ర బరువుగా ఉంది, భుజం పట్టేసింది, మోకాళ్ళు బేస్ కన్నా గట్టిగా చప్పుడు చేస్తున్నాయి. అయినా గోడ ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూ, పంతులమ్మలాగా, గడి గడికీ కర్ర ఆనిస్తూ పోయింది. వెనకనుంచి గొంతు వస్తూనే ఉంది. గీసుకుపోయి, దుమ్ము పట్టి, ఎప్పుడు తెగుతుందో అన్నట్టుండి, తెగకుండా.

చివరి మాట దగ్గరికి వచ్చారు. చివరిది కుర్చీ. కుర్చీ గడి పని గదిలో, ఇస్త్రీబల్ల మీద ఉంది.

వదిన కర్ర గాల్లో ఆగింది. బేస్ చుట్లు తిరుగుతోంది. వదిన చుట్టూ చూసింది. తలుపు పక్కన హాలు కాపలామనిషి కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంది, ఆయన జనాన్ని సర్దుతూ నిలబడ్డాడు. వదిన కర్రని గోడకి వాల్చి, వెళ్ళి ఆ కుర్చీని కరకరమని నేల మీద ఈడ్చుకుంటూ తెర ముందుకి తెచ్చింది. తన కోటు విప్పి దాని వీపుకి తగిలించింది.

బొంగురు దాన్ని చూసింది. చూసి, గొంతులో మిగిలిందంతా ఊడ్చి, పాడింది:

కుర్చీ మీద కోటుంది, కోటులో ఎవరూ లేరు.

అయిపోయింది. వదిన ఆ కుర్చీలోనే కూలబడింది. చప్పట్లు ఎంతసేపు మోగాయంటే, మ్యూజియం పైకప్పు మీద కాపురమున్న పావురాలన్నీ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాయని, తిరిగి రాలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ మాట కూడా బొంగురు చెప్పిందే.

క్యూరేటరు చప్పుడు లేకుండా వచ్చాడు. కళ్ళు చెమర్చాయి పాపం. కర్ర, కుర్చీ, కోటు ఉన్నచోటనే వదిలెయ్యాలి మేడమ్, ఇక నుంచి ఇవి కూడా కృతిలో భాగమే, అన్నాడు. కోటు వదిలెయ్యడానికి వదిన ఒప్పుకోలేదు, బయట చలిగా ఉందంది. కానీ ఆయన అప్పటికే దాని పక్కన చిన్న చీటీ అంటించేశాడు. పత్రికలాయన ఒకడు పరుగెత్తుకొచ్చి, రెండో వీపు గురించి ఏమైనా చెప్తారా, అని అడిగాడు. నొప్పిగా ఉంది, అంది వదిన. ఆయన అది చాలా శ్రద్ధగా రాసుకున్నాడు.

సామాన్లు దించే పెద్ద లిఫ్టులో ముగ్గురూ ఎక్కారు. అది మ్యూజియంకన్నా ముసలిది, నత్తలాగా దిగుతుంది. డ్రమ్మరు డ్రమ్ము మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. వదిన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, చలికి భుజాలు దగ్గరికి తీసుకుంది. బొంగురు తన మఫ్లరు విప్పి ఆవిడ మెడ చుట్టూ వేసింది.

"ఎప్పట్నించే ఇది, తెర చూసి పాడటం?" అంది వదిన.

"మొదట్నించీ."

"ఒక్కసారి చెప్పుండొచ్చుగా. నేను కోసేదాన్నా?"

"చెబితే నువ్వు నా మీద జాలిపడి, బొమ్మలు మానేసి, పాట మొత్తం పెద్ద పెద్ద అక్షరాలతో రాసి కట్టేదానివి. అక్షరాలు చూస్తే నాకు పాట రాదు వదినా. కెటిల్‌కి ఎడమపక్క నువ్వు వేసిన సొట్ట చూస్తే వస్తుంది."

వదిన ఆవిడ వైపు తిరిగింది. ఆ సొట్ట వాళ్ళింటి కెటిల్‌ది, ఒకసారి మొగుడి చేతిలోంచి జారి పడింది. గోటి కొసంత వేసింది దాన్ని. వేసినట్టు తనకే గుర్తు లేదు.

"ఆ లిఫ్టు గడిలో బటన్లున్నాయి చూడు, రెండు బాణాలూ కిందికే పెట్టావు," అంది బొంగురు. "తెలిసి పెట్టావా, తెలియకా?"

"తెలియకే అయ్యుంటుంది. తొందరలో వేశాను."

"అయ్యో వదినా! ఇదెలా పైకెళ్తుందబ్బా అని ప్రతిసారీ అక్కడే ఆగిపోయేదాన్ని కదా నేను."

వదినకి నవ్వు పొట్టలోంచి వచ్చింది, కానీ సగం దారిలో అలసిపోయి దగ్గులా మారింది. డ్రమ్మరు కళ్ళు తెరవకుండానే, ఏమైంది, అన్నాడు. ఏం లేదు, నువ్వు పడుకో, అన్నారు ఇద్దరూ. వదిన డ్రమ్ము అంచు మీద మొగుడి పక్కన కాస్త చోటు చేసుకుని కూర్చుంది. పని గది ఖాళీ చెయ్యాలన్న సంగతి గుర్తొచ్చింది. ఇస్త్రీబల్ల మీద ఒంటరిగా పడున్న కుర్చీ గడి గుర్తొచ్చింది. రేపు చూద్దాంలే, అనుకుంది. పాదాలు వేణ్ణీళ్ళలో పెట్టుకున్నాక.

"ఇంకా తప్పులున్నాయా అందులో?" అంది.

"బోలెడు."

"చెప్పు."

బొంగురు లిఫ్టు గోడకి వీపు ఆనించి, వదిన మొహం వైపు తిరిగి నిలబడి, గొంతు సవరించుకుంది. గొడుగుకి ఒక పుల్ల తక్కువుందంది. తాళంచెవి నీడ ఒక పక్కకి పడితే దాని రింగు నీడ ఇంకో పక్కకి పడిందంది. పై వరసలో ఒక గడి అంచు మీద నీ బొటనవేలి ముద్ర ఉంది, ఆకుపచ్చది, పొగ లేని రోజుల్లో దాన్ని చూసి ధైర్యం తెచ్చుకునేదాన్నంది. లిఫ్టు దిగుతూనే ఉంది. వదిన కళ్ళు మూసుకుని, మఫ్లరు గడ్డం దాకా లాక్కుని, ఒక్కొక్కటీ వింటూ కూర్చుంది.